పనిచోటు లేని పనివారు – తొలగింపు నోటీసు: దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతం నుంచి ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మూకుమ్మడి తొలగింపులకు ముందు యజమాని ఇవ్వవలసిన నోటీసు గురించిన చర్చ సాధారణంగా కర్మాగారం గేటు దగ్గర మొదలవుతుంది. గేటుకు తాళం, గోడకు అంటించిన కాగితం, బయట గుమిగూడిన కార్మికులు మన పారిశ్రామిక చరిత్ర రచనలో పదేపదే కనిపించే దృశ్యాలు. ఇంటి నుంచి పనిచేసేవారి ప్రస్తావన వచ్చేసరికి ఈ దృశ్యం చెదిరిపోతుంది. వారికి గేటు లేదు, హాజరుపట్టీ లేదు, పక్కన కూర్చున్న తోటివారు లేరు. అందువల్ల ఇది 2020 తరువాత, సాఫ్ట్‌వేర్ రంగంలో, కంప్యూటర్‌తో పాటు పుట్టిన కొత్త సమస్య అనే అభిప్రాయం బలపడింది.

ఈ అభిప్రాయం సరైనది కాదని చూపడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఉన్న నకిరేకల్ వంటి పట్టణం నుంచి చూస్తే శ్రమ చరిత్ర గేటు చుట్టూ అల్లుకున్నది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాలలో పనిచేసేవారు ఎక్కువగా దొర పొలంలోనో, తమ ఇంటి మగ్గం గుంటలోనో, వందల మైళ్ల అవతల ఆనకట్టల మీదనో పనిచేశారు. యజమాని కంటికి దూరంగా పనిచేసేవారికి తొలగింపు నోటీసు వర్తిస్తుందా అన్న ప్రశ్నను లాప్‌టాప్ కంటే ముందే బీడీ చాట, కుట్టుమిషను, మగ్గం అడిగాయి. ఆ ప్రశ్నకు చట్టం ఇచ్చిన సమాధానాలను కాలక్రమంలో పరిశీలిస్తే, నేటి వివాదంలో నిజంగా కొత్తదేమిటో, పాతదేమిటో తేటపడుతుంది.

వెళ్లగొట్టడం కాదు, వెళ్లనివ్వకపోవడం

నోటీసు అనే భావనకు పూర్వరంగం ఒకటి ఉంది. నిజాం పాలనలోని నల్లగొండ పల్లెలలో వెట్టి చేసేవారికి, అప్పుకింద జీతమున్నవారికి పని పోతుందన్న భయం కంటే పని వదలలేని స్థితే పెద్ద సమస్య. హైదరాబాద్ సంస్థానంలో భగేలా పేరుతో సాగిన రుణబద్ధ చాకిరీని అదుపుచేయడానికి 1936లో భగేలా ఒప్పందాల నియంత్రణ శాసనం వచ్చింది. అప్పుకు ప్రతిగా చేసే చాకిరీకి ఒక హద్దు ఉండాలన్న ఆలోచన సంస్థానపు శాసనంలోకి అలా ప్రవేశించింది. అమలు మాత్రం నామమాత్రమే. 1946–51 మధ్య సాగిన సాయుధ రైతాంగ పోరాటంలో వెట్టి రద్దు ప్రధాన నినాదం కావడమే అందుకు సాక్ష్యం.

ఈ పూర్వరంగానికి సైద్ధాంతిక ప్రాధాన్యం ఉంది. నోటీసు ఇద్దరు స్వతంత్రుల మధ్య ఒప్పందాన్ని ఊహిస్తుంది. ఏ పక్షమైనా ఆ బంధాన్ని తెంచుకోవచ్చు, అయితే ఎదుటివారికి వ్యవధి ఇవ్వాలి. భగేలాలో ఆ స్వేచ్ఛ ఒక పక్షానికే ఉండేది. పని వదిలే స్వేచ్ఛను పోరాడి సంపాదించుకున్న ప్రాంతంలో, చెప్పకుండా పని తీసివేసే స్వేచ్ఛకు హద్దు పెట్టడం అన్నది దాని వెనుక రావలసిన రెండవ మెట్టు.

పారిశ్రామిక వివాదాల చట్టం: నోటీసు రూపుదిద్దుకున్న తీరు

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో మొదట తొలగింపు నోటీసు లేదు. వస్త్రపరిశ్రమలో నిల్వలు పేరుకుపోయి మిల్లులలో పని తగ్గిన 1953లో ముందు ఆర్డినెన్సు, ఆ వెనుక సవరణ చట్టం ద్వారా ఐదు–ఏ అధ్యాయం చేరింది. అందులోని 25–ఎఫ్ సెక్షన్ ప్రకారం ఏడాదికి తక్కువ కాకుండా నిరంతరాయంగా పనిచేసిన కార్మికుని తొలగించాలంటే కారణాలు చూపుతూ ఒక నెల ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదా దానికి బదులు నెల వేతనం చెల్లించాలి. పూర్తిచేసిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ముట్టజెప్పాలి. ప్రభుత్వానికీ తెలియపరచాలి. నోటీసు, పరిహారం తొలగింపునకు ముందస్తు షరతులేననీ, వాటిని పాటించని తొలగింపు చెల్లదనీ 1960లో బొంబాయి రాష్ట్రం–హాస్పిటల్ మజ్దూర్ సభ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇక్కడ పరిభాష గురించి ఒక మాట అవసరం. తెలుగు పత్రికలు ఉద్యోగాల కోత అంతటినీ ‘లేఆఫ్’ అంటున్నాయి. భారతీయ చట్టంలో లేఆఫ్ అంటే ముడిసరుకు, విద్యుత్తు వంటివి లేకపోవడం వల్ల యజమాని తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. కార్మికుని పేరు హాజరుపట్టీలో ఉంటుంది, షరతులకు లోబడి సగం వేతనం పరిహారంగా అందుతుంది. శాశ్వతంగా తీసివేయడం ‘రిట్రెంచ్‌మెంట్’. సంస్థనే మూసివేయడం మూడవ స్థితి. 2015 డిసెంబరులో నిజాం చక్కెర కర్మాగారం యూనిట్లలో ప్రకటించినది చట్టపరమైన అర్థంలో లేఆఫ్. ఆ యూనిట్ల కార్మికులు ఉద్యోగం పోయిందని అనలేక, ఉందనీ అనలేక గడపవలసి వచ్చింది. అమెరికా వాడుకలోని లేఆఫ్ మన రిట్రెంచ్‌మెంట్‌కు సమీపం. ఈ తేడాను విస్మరించి రాసిన వ్యాసాలలో హక్కుల లెక్క తప్పుతున్నది.

తరువాతి రెండు దశాబ్దాలలో నోటీసు పరిధి విస్తరించింది. 50 మందికి తక్కువ కాకుండా కార్మికులున్న సంస్థను మూసివేయడానికి 60 రోజుల ముందు ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలని 1972 సవరణ నిర్దేశించింది. 1976లో వచ్చిన ఐదు–బి అధ్యాయం 300 మంది, ఆపై కార్మికులున్న చోట తొలగింపునకు మూడు నెలల నోటీసుతో పాటు ప్రభుత్వపు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. 1982 సవరణ ఆ సంఖ్యను 100కు తగ్గించగా, అది 1984లో అమలులోకి వచ్చింది. మూసివేతకు అనుమతి కోరే నిబంధనను 1978లో ఎక్సెల్ వేర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వం దానిని సవరించి తిరిగి తెచ్చింది. తొలగింపునకు అనుమతి అవసరమన్న నిబంధన 1992లో మీనాక్షి మిల్స్ కేసులో నిలబడింది.

ఈ క్రమమంతా కార్మికోద్యమ విజయంగా చదవడం పరిపాటి. అయితే ఐదు–బి అధ్యాయం వర్తించేది కర్మాగారాలు, గనులు, తోటలకు మాత్రమే. అంటే మూకుమ్మడి తొలగింపులకు సంబంధించిన బలమైన రక్షణ గోడలున్న పనిచోటును, అక్కడ లెక్కించదగిన తలలను ఆధారం చేసుకుని నిలిచింది. దుకాణాలు, కార్యాలయాలు, ఇళ్లు ఆ లెక్కలోకి రాలేదు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కూడా ఉద్యోగ నిబంధనలను ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ప్రవేశద్వారం వద్ద బల్లమీద ప్రదర్శించాలన్నది. కార్మికుడు ఆ ద్వారం గుండానే వస్తాడన్నది చట్టం ముందుగా వేసుకున్న అంచనా.

బీడీ చాట: ఇంటికి చేరిన నోటీసు

ఆ ద్వారం గుండా రానివారి సంగతి ఏమిటన్న ప్రశ్న మొదట గట్టిగా వినిపించింది బీడీ పరిశ్రమలో. 1960వ దశకం ఆరంభంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రెండు బీడీ కేసులు పరస్పరం భిన్నమైన ఫలితాలనిచ్చాయి. బిర్ధీచంద్ శర్మ కేసులో బీడీలు చుట్టేవారు కార్మికులేనని తేలింది. శంకర్ బాలాజీ వాజే కేసులో, ఇష్టమున్నప్పుడు వచ్చి ఇష్టమున్నప్పుడు వెళ్లే వ్యక్తి కర్మాగారాల చట్టం కింద కార్మికుడు కాడని మెజారిటీ తీర్పు వచ్చింది. పనివేళల స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన కార్మిక హోదా పోతుందా అన్న నేటి చర్చకు మూలం ఇక్కడే ఉంది.

ఈ సందిగ్ధాన్ని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కొంతవరకు తొలగించింది. యజమాని లేదా కాంట్రాక్టరు ఇచ్చిన ముడిసరుకుతో ఇంటివద్ద బీడీలు చుట్టేవారిని కూడా అది ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. 31వ సెక్షన్ ప్రకారం ఆరునెలలు, ఆపై పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా తీసివేయరాదు. తీసివేయాలంటే కనీసం ఒక నెల నోటీసు లేదా దానికి బదులు వేతనం ఇవ్వాలి. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో ఇంటి అరుగుమీద కూర్చుని తునికాకు కత్తిరించే స్త్రీకి, కనీసం కాగితం మీద, తొలగింపు నోటీసు హక్కు వచ్చింది. ఇంటి నుంచి పనిచేసేవారికి భారతీయ శాసనం నోటీసును స్పష్టంగా గుర్తించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. 1974లో మంగళూరు గణేష్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. 1985లో పి. ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో, నాసిరకం బీడీలను తిరస్కరించే అధికారం యజమానికి ఉండడమే నియంత్రణకు నిదర్శనమని చెప్పి, ఇంటివద్ద చుట్టేవారికి భవిష్యనిధి వర్తిస్తుందన్నది.

హక్కు కాగితం మీద ఉన్నా దానిని దాటవేసే దారి పని స్వభావంలోనే ఉంది. ఇంటివద్ద పనిచేసే స్త్రీని ఎవరూ ‘తొలగించరు’. ఆకు, తంబాకు ఇచ్చే రోజులు తగ్గిస్తారు. నెలలో పనిదినాలు సగమవుతాయి, ఆపై ఒకనాడు ఆకు రాదు. తొలగింపు జరిగిన తేదీ ఏదో చెప్పలేనప్పుడు, దానికి ముందు నెల నోటీసు ఎక్కడి నుంచి లెక్కించాలి? తొలగింపు ఒక చర్యగా కాక మౌనంగా జరగడం ఇంటిపనిలోని ప్రత్యేక లక్షణం.

కుట్టుమిషను: హైదరాబాద్ నుంచి ఒక తీర్పు

మన ప్రాంతానికి మరింత దగ్గరి ఉదాహరణ 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ తీర్పు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద తలెత్తిన ఈ వివాదంలో దర్జీలు కుట్టిన బట్టల లెక్కన కూలి తీసుకునేవారు. రోజూ రావాలన్న నిర్బంధం లేదు, రాకపోతే సెలవు చీటీ రాయనవసరం లేదు. కొందరు యజమాని అనుమతితో బట్టను ఇంటికి తీసుకువెళ్లి కుట్టేవారు. వీరు స్వతంత్ర కాంట్రాక్టర్లని యజమాని వాదన. జస్టిస్ కె. కె. మాథ్యూ రాసిన తీర్పు ఆ వాదనను అంగీకరించలేదు. ఎలా కుట్టాలో చెప్పే హక్కు, బాగులేని కుట్టును తిరిగి కుట్టించే హక్కు ఎవరిదో చూడాలి. మిషన్లు, దుకాణం ఎవరివో కూడా పరిగణించాలి. ఇంటికి తీసుకువెళ్లి కుట్టినంత మాత్రాన, వేరేచోట కూడా పనిచేసినంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోడని తేల్చింది.

కూర్చున్న చోటు నుంచి దృష్టిని పని మీద ఉన్న అధికారం వైపు మళ్లించిన తీర్పు ఇది. సంస్థ ఇచ్చిన లాప్‌టాప్‌తో, సంస్థ నెట్‌వర్క్‌లో, సంస్థ మేనేజరు ఆమోదించే పనిని నకిరేకల్‌లోని తన ఇంటి నుంచి చేసే ఉద్యోగి విషయంలో ఈ తర్కం దర్జీకంటే బలంగా నిలుస్తుంది. దుకాణాల చట్టం కింద ఉద్యోగి అయితే నోటీసు హక్కు దానివెంటే వస్తుంది. తెలంగాణకు సంక్రమించిన 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలల సర్వీసు ఉన్నవారిని సహేతుక కారణం లేకుండా తీసివేయాలంటే నెల నోటీసు లేదా బదులు వేతనం, ఏడాది దాటినవారికి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. అయితే ఈ చట్టం నుంచి సంస్థలకు మినహాయింపులిచ్చే అధికారాన్ని ప్రభుత్వం ఐటీ రంగం విషయంలో కాలానుగుణంగా వాడుతూ వస్తున్నది. కనుక ఏ సంవత్సరపు తొలగింపును పరిశీలించినా, ఆనాటి మినహాయింపు ఉత్తర్వును పక్కన పెట్టుకునే చట్టాన్ని చదవవలసి ఉంటుంది.

మగ్గం, మేస్త్రీ: నోటీసు చేరని చోట్లు

బీడీకి, కుట్టుకు దొరికిన పాటి గుర్తింపు నల్లగొండ మగ్గానికి దొరకలేదు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం పరిసరాలలో నేతకారుడు తన ఇంట్లో, తన మగ్గం మీద, మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో, అతడు చెప్పిన డిజైనుతో నేసి కూలి తీసుకోవడం సాధారణం. నియంత్రణ దృష్టితో చూస్తే దర్జీకి, నేతకారునికి ఉన్న తేడా స్వల్పం. అయినా చేనేత శాసనాలు సరుకును కాపాడినంతగా ఉద్యోగాన్ని కాపాడలేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని వస్త్రాలను చేతిమగ్గానికే కేటాయించిందే గాని, నేతకారునికి నోటీసు హక్కును ప్రసాదించలేదు. గిరాకీ పడిపోతే మాస్టర్ వీవర్ తరువాతి పడుగు ఇవ్వడు. అంతే. ఆకు రానట్టే పడుగు రాదు.

మహబూబ్‌నగర్ నుంచి గుంపు మేస్త్రీల వెంట దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, భవనాల పనికి వెళ్లిన పాలమూరు లేబర్‌ది మరొక రకం దూరం. వీరు యజమానికి దగ్గరగానూ, ఇంటికి దూరంగానూ పనిచేశారు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వీరికి స్థానభ్రంశ భత్యం, ప్రయాణ భత్యం చెప్పింది. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటించిన లాక్‌డౌన్ అదే అర్ధరాత్రి అమలులోకి వచ్చినప్పుడు దేశంలో చాలా పనిప్రదేశాలు నాలుగు గంటల వ్యవధిలో మూతపడ్డాయి. వేతనాలు కోత లేకుండా చెల్లించాలని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఆదేశం మే నెలలో ఉపసంహరణకు గురైంది. అదే వారాలలో, అదే రహదారి మీద, ఒకవైపు వలస కూలీలు నడిచి వస్తుంటే మరొకవైపు హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు లాప్‌టాప్‌లతో సొంతూళ్లకు చేరారు. పనిచోటు అనే భావన ఇరువురికీ ఒకేసారి కదిలిపోయింది.

అమెరికా అనుభవం: ‘ఒకే చోటు’ అనే చిక్కు

నల్లగొండ పల్లెల నుంచి వెళ్లినవారితో సహా వేలాది తెలుగు ఇంజనీర్లకు ప్రత్యక్షంగా సంబంధించిన చట్టం అమెరికాలో 1988లో చేసిన వార్న్ చట్టం. సాధారణంగా 100 మంది, ఆపై ఉద్యోగులున్న సంస్థ మూకుమ్మడి తొలగింపునకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మూకుమ్మడి అనిపించుకోవాలంటే ‘ఒకే పనిచోటు’లో కనీసం 50 మంది, వారు అక్కడి ఉద్యోగులలో మూడోవంతు అయి ఉండాలి, లేదా 500 మంది కావాలి. ఊరూరా ఇంటి నుంచి పనిచేసేవారి విషయంలో ఈ ‘ఒకే చోటు’ ఏది? ప్రయాణిస్తూనో, బయటి కేంద్రాలలోనో పనిచేసేవారికి వారి స్థావరంగా నిర్ణయించిన చోటు, పని అందే చోటు, లేదా వారు నివేదించే చోటే పనిచోటు అని కార్మికశాఖ నిబంధనలు చెప్పాయి. సంచార విక్రేతలను దృష్టిలో ఉంచుకున్న ఈ వాక్యాన్నే నేడు ఇంటి నుంచి పనిచేసేవారికి వర్తింపజేయాలన్న వాదనలు కోర్టులకు వెళ్తున్నాయి. 2023 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన న్యూజెర్సీ సవరణ ఈ చిక్కును తప్పించి, రాష్ట్రం మొత్తంలో తొలగింపునకు గురైనవారిని కలిపి లెక్కించి, 90 రోజుల నోటీసు కోరింది.

హెచ్–1బి మీద ఉన్నవారికి ఈ 60 రోజుల నోటీసూ, ఉద్యోగం పోయాక దేశంలో ఉండడానికి 2017 నుంచి ఇస్తున్న గరిష్ఠంగా 60 రోజుల గడువూ వేర్వేరు. రెండవది సాధారణంగా జీతం అందిన చివరి రోజు తరువాత మొదలవుతుంది. అందువల్ల నోటీసు కాలంలో జీతాల పట్టీలో కొనసాగించడమా, బదులు సొమ్ము ఒక్కసారిగా ఇచ్చి అదేరోజు తెంచివేయడమా అన్నది ఆ కుటుంబం తట్టాబుట్టా సర్దుకునే తేదీని నిర్ణయిస్తుంది. ‘నోటీసు లేదా బదులు వేతనం’ అని చట్టాలు సమానంగా చూసే రెండు ప్రత్యామ్నాయాలు నిజజీవితంలో సమానం కావు.

2020 కోడ్‌లు: ఏది మిగిలింది?

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ పాత 25–ఎఫ్‌ను 70వ సెక్షన్‌గా దాదాపు యథాతథంగా నిలుపుకున్నది. ముందస్తు అనుమతి అవసరమయ్యే సంఖ్యను మాత్రం 100 నుంచి 300కు పెంచింది. అంటే 1976 నాటి అంకెకే తిరిగి చేరింది. ఆ అధ్యాయం ఇప్పటికీ కర్మాగారాలు, గనులు, తోటలకే పరిమితం. తొలగించిన ప్రతి కార్మికుని పేర 15 రోజుల వేతనం నైపుణ్య నిధికి యజమాని జమచేయాలన్నది కొత్త అంశం. ఇంటి నుంచి పనిచేయడాన్ని 2020 డిసెంబరు 31 నాటి సేవారంగ నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ముసాయిదా ప్రస్తావించినా, దానిని ఉద్యోగ ఒప్పందానికి లోబడి యజమాని ఇచ్చే అనుమతిగానే చూసింది.

బీడీ చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్‌లోని బీడీ భాగం ప్రధానంగా లైసెన్సు, ఇంటివద్ద పనికి అనుమతి వంటి అంశాలకు పరిమితం. సామాజిక భద్రత కోడ్ ‘ఇంటి ఆధారిత కార్మికుని’ నిర్వచించి అసంఘటిత వర్గంలో చేర్చింది. నిర్వచనం విశాలమైనదే, వస్తువులతో పాటు సేవలనూ చేర్చింది. కాని అది సంక్షేమ పథకాల కోసం చేసిన నిర్వచనం, నోటీసు కోసం కాదు. ఆరునెలల సర్వీసుతో నోటీసు పొందవలసిన బీడీ కార్మికురాలు ఇకమీదట ఏడాది సర్వీసు కోరే సాధారణ సెక్షన్‌ను ఆశ్రయించాలి. ఇంటిపనిపై 1996 నాటి 177వ అంతర్జాతీయ కార్మిక ఒడంబడికను, ఉద్యోగ విరమణపై 1982 నాటి 158వ ఒడంబడికను భారతదేశం ఆమోదించలేదన్నది ఈ సందర్భంలో గుర్తుంచుకోవలసిన విషయం.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ శూన్యాన్ని ఉద్యోగ ఒప్పందం నింపుతున్నది. ఉద్యోగి రాజీనామా చేస్తే 60 లేదా 90 రోజులు పనిచేసి వెళ్లాలన్న షరతు అక్కడ సామాన్యం. సంస్థ తీసివేసేటప్పుడు శాసనం కోరే కనీసం ఒక నెల. పైగా తొలగింపును రాజీనామాగా రాయిస్తే, స్వచ్ఛంద విరమణ రిట్రెంచ్‌మెంట్ కాదు కనుక ఆ నెల కూడా మిగలదు. వెళ్లనివ్వకపోవడానికి, వెళ్లగొట్టడానికి మధ్య ఉన్న ఈ అసమానత భగేలాతో సమానమని అనడం అతిశయోక్తి. కాని నోటీసు అన్నది ఇరుపక్షాలకూ ఒకేవిధంగా బరువు తూగడం లేదన్న విషయం ఈ ప్రాంత చరిత్రకు అపరిచితం కాదు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. ఒకటి, ఇంటి నుంచి పనిచేసేవారు ఉద్యోగులా కాదా అన్న ప్రశ్నకు భారతీయ న్యాయస్థానాలు బీడీ, కుట్టు కేసులలో యాభై ఏళ్ల కిందటే ‘నియంత్రణ ఎవరిది’ అన్న కొలమానంతో సమాధానం చెప్పాయి. రెండు, వ్యక్తిగత నోటీసు ఇంటిదాకా చేరగలిగినా, మూకుమ్మడి తొలగింపు రక్షణ మాత్రం పనిచోటును, అక్కడి తలల లెక్కను పట్టుకుని ఉండడం వల్ల గేటు దగ్గరే ఆగిపోయింది. ఇది అమెరికాకూ, మనకూ సమానంగా ఉన్న లోపం. మూడు, రాని ఆకు, రాని పడుగు, తెరుచుకోని లాగిన్ ఒకే కోవకు చెందినవి. పని ఆగిన తేదీని నమోదు చేసే బాధ్యత యజమాని మీద పెట్టనంత కాలం నోటీసు గడువు ఎన్ని రోజులన్న చర్చ నిష్ప్రయోజనం.

ఈ మూడవ అంశం మీద క్షేత్ర పరిశోధన ఇంకా జరగవలసి ఉంది. కర్మాగార కార్మికుల చరిత్రకు కార్మికశాఖ దస్త్రాలు, ట్రిబ్యునల్ తీర్పులు ఆధారమయ్యాయి. మగ్గం ముందు, బీడీ చాట ముందు, తెర ముందు పని కోల్పోయినవారికి అటువంటి దస్త్రం లేదు. కూలి పుస్తకాలు, మాస్టర్ వీవర్ల ఖాతాలు, చివరి ఈమెయిళ్లు, బ్యాంకు పాసుపుస్తకాలలో ఆగిపోయిన జమలు రేపటి చరిత్రకారునికి మూలాధారాలు. వాటిని ఇప్పుడే సేకరించకపోతే, నోటీసు లేకుండా పోయిన పనులు చరిత్రలోనూ నమోదు లేకుండానే పోతాయి.